మూడు వందల ఎనభై నాలుగో మనిషి

మా కార్యాలయంలో ప్రజల్ని అడక్కుండా ఏ పనీ చేయం. అడిగాక కూడా చేయం, అది వేరే సంగతి. ప్రజాభిప్రాయ మదింపు సంచాలక కార్యాలయం, జిల్లా శాఖ అని మా గుమ్మం మీద పెద్ద బోర్డు ఉంటుంది. నేను అందులో సీనియర్ అసిస్టెంటుని. పేరు సదాశివ పట్నాయక్. ఇరవై ఆరేళ్లుగా జనం ఏమనుకుంటున్నారో ఫైళ్లలో పెట్టి, ట్యాగు కట్టి, బీరువాలో సర్దుతున్నాను. ఆ బీరువాలోకి ఇంతవరకు శ్రద్ధగా తొంగిచూసింది చెదపురుగులే.

అయిదేళ్ల కిందట ఆషాఢంలో పనసపుట్టుగ బస్సు ఆగిపోయింది. జీడితోటలు దాటి సముద్రం వైపు పోతే చిట్టచివర ఉండే ఊరది. అక్కణ్నుంచి కొత్తరేవు పట్నానికి ముప్పై ఎనిమిది కిలోమీటర్లు. పొద్దున ఒక ట్రిప్పు, సాయంత్రం ఒక ట్రిప్పు తిరిగేది. ఎక్కేవాళ్లు తక్కువయ్యారని డిపోవాళ్లు ఆపేశారు. ఊరంతా కలిసి బస్సు మళ్లీ వేయమని అర్జీ రాసి, నాలుగు వందల పన్నెండు సంతకాలు, వేలిముద్రలు పెట్టి పంపారు. తిరిగి తిరిగి ఆ అర్జీ మా దగ్గరికి వచ్చింది. జనం అభిప్రాయం శాస్త్రీయంగా తేల్చకుండా ఏ నిర్ణయమూ తీసుకోకూడదని కొత్తగా ఒక రూలు వచ్చింది మరి.

మా డిప్యూటీ డైరెక్టరు అయ్యగారి శ్రీకంఠం గారు అప్పుడే రాజధానిలో మూడు రోజుల శిక్షణకు వెళ్లి వచ్చి ఉన్నారు. వెళ్లేముందు మామూలుగానే ఉండేవారు. వచ్చాక మనుషుల్ని మనుషులనడం మానేసి ప్రతిస్పందకులు అనడం మొదలుపెట్టారు. అర్జీని రెండు వేళ్లతో పట్టుకుని పైకెత్తి చూసి, ఇది చెల్లదన్నారు.

"ఇది స్వయం ఎంపిక నమూనా, పట్నాయక్ గారూ. బస్సు అవసరం ఉన్నవాళ్లే సంతకాలు పెట్టారు. అవసరం ఉన్నవాళ్ల అభిప్రాయానికి శాస్త్రీయమైన విలువ ఉండదు."

అందుకని ఆన్‌లైన్ సర్వే. దానికి జననాడి అని ఒక పోర్టల్ ఉంది. సరిగ్గా మూడు వందల ఎనభై నాలుగు మంది అర్హులైన ప్రతిస్పందకులు జవాబులిస్తే సర్వే ముగిసినట్టు. ఒకరు తగ్గినా చెల్లదు. లింకును అన్ని వాట్సాప్ గ్రూపుల్లోకి వదిలాం. వారం తిరిగేసరికి ఆరు వేల రెండు వందల జవాబులు వచ్చి పడ్డాయి. డీడీ గారు స్వీట్లు తెప్పించారు.

మన దేశంలో ఏ సర్వే కనిపించినా పూర్తి చేసేవాళ్లు ఒక వర్గం ఉన్నారని నాకు అప్పుడే తెలిసింది. ఎక్కడెక్కడి అపార్టుమెంట్లవాళ్లో, రీచార్జి కూపను వస్తుందని ఎవరో చెప్తే విన్నవాళ్లో, వాళ్లంతా తాము గత వారం పనసపుట్టుగ బస్సు ఎక్కామని, సీట్లు మెత్తగా ఉన్నాయని, కండక్టరు మర్యాదస్తుడని రాశారు. నూటికి అరవై నాలుగు మంది ఏసీ కావాలన్నారు. పనసపుట్టుగ నుంచి మాత్రం ముప్పై ఒక్కరే ప్రయత్నించారు. వాళ్లకు మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయింది. గత ఏడు రోజుల్లో మీరు ఈ బస్సులో ప్రయాణించారా అన్నది ఆ ప్రశ్న. బస్సే లేదు కాబట్టి పాపం లేదని నొక్కారు. నొక్కగానే తెర మీద అక్షరాలు వచ్చాయి: "ధన్యవాదాలు. మీరు ఈ సర్వేకు అర్హులు కారు. ఈ నంబరు నుంచి మళ్లీ ప్రయత్నించవద్దు."

తర్వాత రాజధానిలో ఎవరో ఫోన్లు ఏ ఊళ్లో ఉన్నాయో చూసి ఆరు వేలనూ కొట్టేశారు. లెక్కకు మిగిలింది సున్నా.

ఆ వారంలోనే దాలమ్మ మా ఆఫీసుకు వచ్చింది. అర్జీలో మొదటి సంతకం ఆమెదే. బైపల్లి దాలమ్మ అని గుండ్రటి అక్షరాలతో, వేలిముద్రల మధ్య స్పష్టంగా కనిపిస్తుంది. డెబ్బై ఏడేళ్లు. ఎప్పుడో వయోజన విద్యలో చదువుకుందట. ఆమె కొడుకు లోకనాథం జీడిపిక్కల బట్టీలో పనిచేసేవాడు. రెండు కిడ్నీలూ పోయాయి. మంగళవారం, శుక్రవారం కొత్తరేవు ఆసుపత్రిలో నాలుగేసి గంటలు మిషను మీద పడుకోవాలి. బస్సు ఆగిపోయాక అతన్ని ఎవరి మోటారు సైకిలు మీదో ఇద్దరి మధ్య కూర్చోబెట్టి పదకొండు కిలోమీటర్లు హైవేకి తీసుకుపోవడం, అక్కడ ఆటో దొరికితే దొరికినట్టు. ఆ వారం రెండుసార్లూ తప్పిపోయింది.

"కాళ్లు పొంగిపోయినాయి బాబూ. వేలెట్టి నొక్కితే గుంట అలగే ఉండిపోతన్నాది," అంది. తర్వాత డీడీ గారి వైపు తిరిగింది. "బస్సు నేదనే గదా అర్జీ ఎట్టేం. బస్సు ఎక్కినారా అని మమ్మల్ని అడుగుతారేటి?"

డీడీ గారు చాలా ఓపిగ్గా చెప్పారు. "అమ్మా, బస్సు ఎక్కనివారికి బస్సు గురించి అభిప్రాయం ఎక్కడి నుంచి వస్తుంది? అది ఊహ అవుతుంది. ప్రభుత్వం ఊహల మీద నడవదు."

ఆ ఒక్క ప్రశ్న మార్చమని నేను రాజధానికి నోటు పెట్టాను. పదకొండు రోజులకు జవాబు వచ్చింది. సదరు ప్రశ్నను ముగ్గురు ఆచార్యులు తొమ్మిది నెలలు పరీక్షించి ప్రామాణీకరించారని, ఒక్క అక్షరం కదపరాదని రాశారు. చివర ఒక వాక్యం ఉంది: "అర్హులైన ప్రతిస్పందకులు లభ్యం కానిచో, తగు చర్యల ద్వారా వారిని లభ్యపరచవలెను."

డీడీ గారు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మూడోసారి చదివేటప్పటికి ఆయన మొహం వెలిగిపోయింది. బస్సు ఎక్కినవాళ్లు కావాలి. ఎక్కినవాళ్లు ఉండాలంటే ఎక్కడానికి బస్సు ఉండాలి. కాబట్టి సర్వే నిమిత్తం ఒక బస్సును అద్దెకు తీసుకోవాలి. జనం కోసం అడిగితే బస్సు లేదన్న డిపోవాళ్లు సర్వే కోసం అనగానే రెండు రోజుల్లో ఇచ్చారు. అదే బస్సు, అదే డ్రైవరు, అవే వేళలు. ముందు అద్దం మీద మాత్రం నమూనా సృజన వాహనం అని పెద్ద అక్షరాల బోర్డు పెట్టి, దాని కింద చిన్నగా పనసపుట్టుగ – కొత్తరేవు అని రాయించాం.

ఊరివాళ్లకు ఆ బోర్డు అర్థం కాకపోయినా బస్సు అర్థమైంది. కొబ్బరికాయ కొట్టి పసుపు పూశారు. దాలమ్మ డ్రైవరు వెనకాల మొదటి సీట్లో కొడుకును కిటికీ వైపు కూర్చోబెట్టి పక్కన తను కూర్చుంది. ఆ రోజు నుంచి లోకనాథానికి మిషను తప్పలేదు.

బస్సులో మా ఎన్యూమరేటర్లు ఇద్దరు ట్యాబులు పట్టుకుని తిరిగేవారు. దిగేలోగా ప్రతివాడూ అభిప్రాయం చెప్పి దిగాలి. ఈ బస్సు లేనిచో మీరు ఏ ప్రత్యామ్నాయం వాడతారు అన్నది పదిహేడో ప్రశ్న. సొంత కారు, రైలు, విమానం, ఇతర అని నాలుగు జవాబులు. ఇతర దగ్గర ఒక పేషెంటు చావు అని చెప్పాడు. ఆ మాట జాబితాలో లేదని ఎన్యూమరేటరు నడక అని నమోదు చేశాడు.

లెక్క చకచకా పెరిగి మూడు వందలు దాటింది. ఊళ్లో కొందరికి అనుమానం వచ్చి, తర్వాతేమిటని అడిగారు. డీడీ గారు పంచాయతీ ఆఫీసు వరండాలో కుర్చీ వేయించుకుని సభ పెట్టారు.

"సర్వే ముగిసిన మరుక్షణం వాహనం ఉపసంహరించబడుతుంది," అని మొదలుపెట్టారు. "అనంతరం నివేదిక తయారవుతుంది. దాన్ని ఉపసంఘం పరిశీలిస్తుంది. అన్నీ సవ్యంగా జరిగితే పద్దెనిమిది నెలల్లో, మీకు బస్సు అవసరమా కాదా అన్నది మీకు తెలియజేయబడుతుంది."

సభ అయ్యాక జనం లేచి వెళ్లిపోయారు. దాలమ్మ మాత్రం ఇంకా ఎంతమంది కావాలని నన్ను అడిగింది. ఇరవై అయిదు మంది అన్నాను. వారం తర్వాత మళ్లీ అడిగింది. ఒక్కరే అన్నాను.

ఆ ఒక్కరి దగ్గర పోర్టల్ మొండికేసింది. రాష్ట్ర జనాభాలో ఎవరెంత శాతమో నమూనాలోనూ అంతే ఉండాలట. మూడు వందల ఎనభై ముగ్గురు ఎవరి గడుల్లో వారు సర్దుకున్నారు. ఒక గడి ఖాళీగా మిగిలింది. డెబ్బై అయిదేళ్లు దాటిన స్త్రీ, స్నాతకోత్తర పట్టభద్రురాలు, ఈ బస్సు మార్గంలో నివాసం. లెక్క ప్రకారం అలాంటివారు సున్నా పాయింటు ఆరుగురు కావాలి. మనిషిని ముక్కలు చేయకూడదు కాబట్టి పోర్టల్ దాన్ని ఒకరు అని సవరించింది. ఆ గడిని తీసేయమంటే తీసే మీట పోర్టల్లో లేదన్నారు. దాన్ని తయారుచేసిన కంపెనీ కాంట్రాక్టు ముగించుకుని ఎప్పుడో వెళ్లిపోయింది.

పనసపుట్టుగలో డెబ్బై అయిదు దాటిన ఆడవాళ్లు తొమ్మిదిమంది. అందులో సంతకం వచ్చింది దాలమ్మకే. కాబట్టి మేం కొత్తరేవు మీద పడి గాలించాం. గ్రేస్ సుగుణ గారని రిటైరైన హెడ్మిస్ట్రెస్ దొరికారు. డెబ్బై ఎనిమిదేళ్లు, చరిత్రలో ఎం.ఏ. డీడీ గారు శాలువా కప్పి, దేశసేవ అని చెప్పి ఒప్పించారు. ఆమెను కారులో పనసపుట్టుగకు చేర్చి, సర్పంచి గారి మేడ మీద గది ఇప్పించి, ఎనిమిది రోజులు ఉంచి ఆ ఊరి నివాసిని చేశాం. దోమలకు ఆమె చేతులు దద్దుర్లెక్కాయి. తొమ్మిదో రోజు బస్సెక్కించి, దిగగానే ట్యాబు చేతికిచ్చాం. నలభై రెండు ప్రశ్నలకు చక్కగా జవాబిచ్చారు. నలభై మూడోది, ఈ ప్రయాణం మీ సొంత అవసరం కోసం చేశారా అన్నది.

"లేదు కదా," అన్నారావిడ.

డీడీ గారు ఆమె చెవి దగ్గర వంగి అవునని నొక్కమని బతిమాలారు. ముప్పై ఆరేళ్లు పిల్లల చేత నిజం చెప్పించిన చెయ్యి ఇది అని ఆవిడ లేదనే నొక్కారు. ధన్యవాదాలు, మీరు ఈ సర్వేకు అర్హులు కారు. డీడీ గారు బస్టాండులోనే బెంచీ మీద కూలబడి బీపీ మాత్ర వేసుకున్నారు.

ఆ మర్నాడు నన్ను పిలిచారు. రాత్రంతా ఆలోచించారట. లభ్యపరచవలెను అన్నారు కాబట్టి లభ్యపరుద్దాం అన్నారు. పట్టభద్రురాలైన వృద్ధురాలికి బస్సు అవసరం కల్పించడం కష్టం. బస్సు అవసరమున్న వృద్ధురాలికి పట్టా కల్పించడం మాత్రం అసాధ్యం కాదు. వయసుంటే చాలు, డిగ్రీ లేకపోయినా ఎం.ఏ.లో చేర్చుకునే సార్వత్రిక విశ్వవిద్యాలయం ఒకటి ఉందని ఆయన కనుక్కున్నారు. డిగ్రీ లేని ముసలివాళ్ల గడి ముందే నిండిపోవడంతో దాలమ్మ జవాబు ఇంకా లెక్కలోకి రాలేదు.

"ఎమ్మే నాకేటికి బాబూ, ఇంటికాడ గేది ఉన్నాది," అంది దాలమ్మ. డీడీ గారు సర్వే ప్రాముఖ్యం గురించి పావుగంట మాట్లాడారు. ఆమె అంతా విని ఒక్కటే అడిగింది. "ఆ సదువు అయ్యేదాకా బస్సు తిరుగుతాదా?"

"నిస్సందేహంగా. మీరు ఉత్తీర్ణులయ్యే నాటికి గత ఏడు రోజుల్లో ప్రయాణించి ఉండాలి కదా. అంతవరకు వాహనాన్ని యథాస్థితిలో ఉంచవలసిందే."

"అలగైతే రాసుకోండి పేరు."

ప్రభుత్వ పాలనా శాస్త్రంలో ఎం.ఏ.కి కట్టించాం. వేరే సబ్జెక్టులన్నిటికీ గడువు దాటిపోయింది. పాఠాలు చెప్పే పని నా నెత్తిన పడింది. మంగళవారం, శుక్రవారం లోకనాథం లోపల మిషను మీద ఉంటే, బయట వరండాలో గచ్చు మీద దాలమ్మా నేనూ పుస్తకం పరుచుకుని కూర్చునేవాళ్లం. ముందు నెల రోజులు అక్షరం అక్షరం కూడబలుక్కుంది. ఆ తర్వాత నన్ను వదిలేసి ముందుకు పోయింది. ప్రభుత్వ పాలన పరమావధి ప్రజాసంక్షేమం అన్న చోట ఆగి, ఈ ముక్క డీడీ బాబు సదివేడా అని అడిగింది. ఆయన ఇదే సబ్జెక్టులో గోల్డ్ మెడలిస్టని చెప్పాను. ఆమె పేజీ తిప్పింది.

లోపలికి వెళ్లినప్పుడు కొడుక్కి కూడా పాఠం చెప్పేది. రోజుకు అర లీటరుకు మించి నీళ్లు తాగకూడని మనిషి, పెదవులు తడుపుకుంటూ, అధికార వికేంద్రీకరణ గురించి వినేవాడు. అమ్మ నన్ను కలెక్టర్ని చేసేదాకా వదల్దు సార్ అని నాతో నవ్వాడొకసారి.

మొదటి ఏడు అన్ని పేపర్లూ మొదటిసారే పాసైంది. యాభై ఎనిమిది, అరవై ఒకటి, యాభై నాలుగు, అరవై. డీడీ గారు ఆఫీసు ముందు ఫ్లెక్సీ కట్టించారు. రెండో ఏడు కూడా అలాగే సాగి, చివరికి ఒక్క పేపరు మిగిలింది. సర్వే పద్ధతులు, నమూనా ఎంపిక.

ఆ పరీక్షకు నాలుగు రోజుల ముందు దాలమ్మ పుస్తకం మూసి నా వైపు చూసింది. "ఇది పాసైపోతే బస్సు ఏటవుతాది బాబూ?"

ప్రశ్నకు సూటిగా జవాబివ్వడం మా శాఖలో ఎవరికీ అలవాటు లేదు. తగు సమయంలో తగు నిర్ణయం తీసుకోబడుతుంది అనేది నా నోట్లోకి వచ్చేసింది కూడా. అద్దాల తలుపు అవతల లోకనాథం చేతి నుంచి రక్తం గొట్టంలో మిషనులోకి పోయి తిరిగి వస్తోంది. నాకు సిగ్గేసింది.

"మీరు పాసైతే ఆ వారమే సర్వే పూర్తవుతుంది. మర్నాటి నుంచి బస్సు ఉండదు," అన్నాను.

ఆమె తలూపింది. పుస్తకం మళ్లీ తెరిచి, ఆపిన దగ్గర్నుంచి చదువుకుంది.

పరీక్షలో ఆమె హాల్ టికెట్ నంబరు రాసింది. మిగతా ముప్పై రెండు పేజీలూ తెల్లగా వదిలేసింది. సున్నా వచ్చింది. డీడీ గారు నమ్మలేక మళ్లీ దిద్దమని దరఖాస్తు పెట్టించారు. తెల్ల కాగితాన్ని ఎన్నిసార్లు దిద్దినా తెల్లగానే ఉంది. ఆరు నెలలకు సప్లిమెంటరీ. దానికీ సున్నా. ఇంకో ఆరు నెలలకు ఇంకో సున్నా. వృద్ధురాలు, పరీక్ష అంటే భయపడుతోంది, అభ్యర్థికి మానసిక స్థైర్యం కలిగించవలెను అని డీడీ గారు ఫైల్లో రాశారు. ఆమెకున్న స్థైర్యం ఏపాటిదో నేను రాయలేదు.

ఇంతలో రాజధానిలో ఏదో ఉత్సవం జరిగింది. మూడు వందల ఎనభై నలుగురిలో మూడు వందల ఎనభై ముగ్గురిని సాధించి, నాలుగేళ్లుగా నాణ్యత విషయంలో రాజీపడకుండా కొనసాగుతున్న సర్వే అని మా జిల్లాకు జ్ఞాపిక ఇచ్చారు. దాన్ని డీడీ గారు టేబులు మీద పెట్టుకున్నారు.

ఆ కార్తీకంలో లోకనాథం పోయాడు. మిషనుకు ఏ లోపమూ లేదు, బస్సుకూ లేదు, గుండె ఆగింది. పోయేముందు నాలుగేళ్లలో ఒక్క మంగళవారం గానీ ఒక్క శుక్రవారం గానీ తప్పలేదు. నేను పనసపుట్టుగ వెళ్లాను. దాలమ్మ గేదె పక్కన అరుగు మీద కూర్చుని ఉంది. కాసేపు పక్కనే కూర్చుని వచ్చేశాను.

పదకొండు రోజులు దాటగానే డీడీ గారు నన్ను పిలిచి, అభ్యర్థికి ఇక ఆసుపత్రి తిరుగుళ్లు ఉండవు కనుక ఏకాగ్రత మెరుగుపడే అవకాశం ఉందా అని అడిగారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ జ్ఞాపిక ఎత్తి ఏదైనా చేద్దునేమో గానీ, ఇంకా పదకొండేళ్ల సర్వీసుంది. పరిశీలిస్తాను సార్ అని బయటికి వచ్చాను.

నిజానికి ఆయన అడిగిందే నేనూ అనుకుంటున్నాను. ఇక ఆమెకు ఆ బస్సుతో పనిలేదు. పుస్తకమంతా కంఠతా వచ్చు. ఆ పట్టా ఆమె కష్టపడి సంపాదించుకున్నది. రాసేస్తే పాసవుతుంది, తీసుకుంటే నేను మనసారా సంతోషిస్తాను. కానీ ఆ మర్నాడు బస్సు ఉండదు.

మాఘమాసంలో పరీక్ష. నేను కాలేజీ గేటు దగ్గర నిలబడ్డాను. దాలమ్మ బస్సు దిగి, హాల్ టికెట్టు కొంగున కట్టుకుని లోపలికి పోయింది. మూడు గంటలూ కూర్చుని అందరితో పాటు బయటికి వచ్చింది. చేతికి సిరా ఉందేమోనని చూశాను.

"ఏం రాశారమ్మా?"

"అన్నీ వచ్చినవే ఇచ్చేడు బాబూ. సరైన ప్రతిస్పందకుడు అనగా ఎవరు, పదహారు మార్కులు." కొంగు ముడి విప్పి హాల్ టికెట్టు మడత సరిచేసుకుంది. "ఒక్కటీ రాయనేదు."

లోకనాథం లేడు కదమ్మా అనబోయి మానుకున్నాను. ఆమెకు వినిపించినట్టే ఉంది.

"శుక్రారం బస్సులో మిషనుకి పోయేవోళ్లు పదకొండు మంది ఉన్నారు," అంది. "మొన్న బుధారం ఇంకో పిల్ల ఎక్కినాది. పాతికేళ్లు కూడా నేవు."

సాయంత్రం ట్రిప్పుకు ఆమెను బస్టాండుకు తీసుకెళ్లాను. నమూనా సృజన వాహనం బోర్డు రంగు వెలిసిపోయి, కింద చిన్న అక్షరాలే బాగా కనిపిస్తున్నాయి. డ్రైవరు వెనకాల మొదటి సీటు ఆమె కోసం ఖాళీగా ఉంచారు. ఆమె కిటికీ వైపు జరగకుండా, ఎప్పటిలాగే ఇవతలి పక్కన కూర్చుంది.

మర్నాడు ఆఫీసులో ఫైలు తెరిచి, అభ్యర్థి నాలుగో పర్యాయం కూడా ఉత్తీర్ణత సాధించలేకపోయినదని, ఆమె కృషి కొనసాగుతున్నదని, అంతవరకు వాహనాన్ని యథాస్థితిలో ఉంచవలసి ఉన్నదని రాసి డీడీ గారి సంతకానికి పంపాను. ఆయన చదవకుండా సంతకం పెట్టారు.